ముదురు రంగు గోడ: రోజంతా ఇంట్లోనే ఉంటున్నప్పుడు వేసుకోవచ్చా?

తెల్లకాగితం | 2020 జూన్ 6, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ని మహమ్మారిగా ప్రకటించిన వారానికే మా ఆఫీసు మూసేశారు. అప్పటి నుంచి పడగ్గదిలో ఒక మూల బల్ల వేసుకుని పని చేస్తున్నాను. ఎదురుగా తెల్లగోడ. ఇదివరకు ఆ గోడని రోజుకి పావుగంట చూసేవాణ్ణేమో, అదీ పడుకోబోయే ముందు. ఇప్పుడు తొమ్మిది పది గంటలు చూస్తున్నాను. స్విచ్‌బోర్డు పక్కన వేళ్ళ మరకలు, మేకు పీకేసిన చోట లప్పం పెట్టిన బొట్టు, ఎడమ మూల సన్నటి పగులు, అన్నీ కంఠతా వచ్చేశాయి.

ఆ ఒక్క గోడకీ నెమలికంఠం రంగు వేయాలని ఉంది. లేతది కాదు, బాగా ముదురుది. గది మూడు మీటర్లు బై మూడున్నర. ఉన్నది ఒకటే కిటికీ, బల్లకి కుడిచేతి వైపు. మా ఆవిడ సరే అంటోంది కానీ గది చీకటి గుయ్యారం అయిపోతుందేమోనని భయపడుతోంది. అమ్మ అయితే వద్దే వద్దంటోంది. పెయింటర్ని ఇంట్లోకి పిలిచే పరిస్థితి కాదు కాబట్టి నేనే వేసుకోవాలి. ఇంతవరకు బ్రష్షు పట్టింది లేదు. ఎవరైనా ఇలాంటి రంగు మధ్య రోజంతా గడుపుతున్నారా? నిజంగా ఎలా ఉంది?

చిట్టిచేతులు | జూన్ 6, రాత్రి 10:40

వేసేయండి. మేం ఏప్రిల్‌లో హాల్లో ఒక గోడకి ఇటుక రంగు వేశాం. రెండు నెలలైంది, ఒక్కరోజు కూడా ఎందుకు వేశామా అనిపించలేదు.

ఒక్క సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. ముదురు రంగులో మ్యాట్ ఫినిష్ తీసుకుంటే గోరు తగిలినా తెల్లగీత పడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే గీత పోతుంది గానీ, రుద్దిన మేరకి నిగనిగలాడుతూ మచ్చలా ఉండిపోతుంది. మా పిల్లలిద్దరి ఎత్తు ఎంతో ఇప్పుడు ఆ గోడని చూసి చెప్పొచ్చు. పిల్లలున్న ఇంట్లో కాస్త మెరుపుండే శాటిన్ రకమే నయం.

నిదానం | జూన్ 7, ఉదయం 6:55

చెప్పకుండా ఉండలేకపోతున్నాను, ఏమీ అనుకోకండి. నాతో పనిచేసే ఆయన తండ్రి ఆసుపత్రిలో ఉన్నారు. కొడుకుని లోపలికి రానివ్వడం లేదు. రోజుకొకసారి ఫోన్లో ఎవరో చెప్పే రెండు ముక్కల కోసం ఆయన గేటు బయట కూర్చుంటున్నాడు. ఇలాంటి రోజుల్లో గోడకి ఏ రంగు వేయాలా అని మాట్లాడుకోవడం నా మనసుకి ఎక్కడం లేదు. ఆ డబ్బు, ఆ ఓపిక ఇంకెవరికైనా పనికొస్తాయి కదా.

తెల్లకాగితం | జూన్ 7, ఉదయం 8:20

నిదానం గారూ, మీ మాట తీసిపారేయను. ఇదంతా రాసి పంపే ముందు నాకూ అదే అనిపించి రెండుసార్లు చెరిపేశాను. ఆ పెద్దాయన కోలుకోవాలని కోరుకుంటున్నాను.

ఏడోగది | జూన్ 7, మధ్యాహ్నం 2:31

నేను నర్సుని. నిదానం గారు చెప్పిన గేటుకి ఇవతలి వైపు పనిచేసేదాన్ని. ఏప్రిల్ చివర్లో నాకే పాజిటివ్ వచ్చింది. లక్షణాలు తక్కువే కాబట్టి 14 రోజులు ఇంట్లోనే, ఒకే గదిలో ఉన్నాను. తలుపు బయట స్టూలు, దాని మీద కంచం. అమ్మ కంచం పెట్టి పది అడుగులు వెనక్కి వెళ్ళాక నేను తలుపు తీసేదాన్ని.

అది మా చెల్లెలి గది. చదువుకునే రోజుల్లో తనే పట్టుబట్టి చిలకపచ్చ వేసుకుంది. ఇంట్లో అందరం అప్పట్లో తనని కోప్పడ్డాం. మొదటి మూడు రోజులూ జ్వరంలో ఆ గోడని నేను పట్టించుకోలేదు. నాలుగో రోజు నుంచి దాన్ని చూడటం తప్ప నాకు ఇంకో పని లేకపోయింది. ఉదయం ఆరున్నరకి బూడిద కలిసిన పచ్చ. ఎండ కిటికీ ఊచలు దాటి వచ్చేసరికి లేత చివురు రంగు. సాయంత్రం దీపం వేయకుండా పడుకుని చూస్తే ఒక చిత్రం జరిగేది. నా దుప్పటి మంచి ఎరుపు. వెలుతురు తగ్గుతున్నకొద్దీ ముందు దుప్పటి నల్లబడిపోయేది. గోడలో పచ్చదనం మాత్రం ఇంకో కాసేపు నిలిచేది. రోజూ దానికోసం ఎదురుచూసేదాన్ని. కాలం కదులుతోందని నాకు చెప్పింది గడియారం కాదు, ఆ గోడే.

నర్సింగ్ చదివేటప్పుడు మా టీచరు ఒక ఆసుపత్రి గురించి చెప్పారు. ఫిన్‌లాండ్‌లో పైమియో అనే చోట క్షయ రోగుల కోసం కట్టింది, 1933లో పూర్తయింది. ఆల్వార్ ఆల్టో అనే ఆర్కిటెక్టు కట్టాడు. క్షయకి అప్పటికి మందు లేదు. నెలల తరబడి మంచం మీద ఉండాల్సిందే. నిలబడి తిరిగేవాళ్ళకి గోడలు కనబడతాయి, పడుకున్నవాళ్ళకి కనబడేది సీలింగ్. అందుకని రోగుల గదుల్లో సీలింగ్‌కి గోడలకంటే ముదురుగా, కళ్ళకి హాయిగా ఉండే ఆకుపచ్చ వేయించాడు. దీపం నేరుగా కళ్ళలో పడకుండా పెట్టించాడు. మెట్ల మీద మాత్రం పసుపు, ఎండ పడినట్టుండే పసుపు. పరీక్ష కోసం బట్టీపట్టి మర్చిపోయిన పాఠం అది. చిలకపచ్చ గదిలో ఐదో రోజున గుర్తొచ్చింది.

నిదానం గారూ, మీ బాధ నాకు తెలుసు. ఆ గేటు దగ్గర కూర్చున్నవాళ్ళని నేను రోజూ చూశాను. అయినా తెల్లకాగితం గారికి వేసుకోమనే చెప్తాను. ఇంట్లో ఉండమని మేమే అందరినీ బతిమాలుతున్నాం. ఆ ఇల్లు మనసుకి పట్టేలా ఉండాలని కోరుకోవడంలో తప్పేముంది?

వెలుతురుపిట్ట | జూన్ 7, రాత్రి 9:05

ఏడోగది గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ ఎర్ర దుప్పటి సంగతి మీ ఊహ కాదండీ. చెక్ శాస్త్రవేత్త పర్కిన్యే 19వ శతాబ్దంలో ఇదే గమనించాడు. మసక వెలుతురులో మన కంటిలోని వేరే రకం కణాలు పని అందుకుంటాయి. వాటికి ఎరుపు దాదాపు కనబడదు, నీలం ఆకుపచ్చలు బాగా కనబడతాయి. అందుకే చీకటి పడేటప్పుడు ఎరుపు ముందు చచ్చిపోతుంది.

నేను ఇళ్ళకి లైటింగ్ డిజైన్ చేస్తాను. ఇక తెల్లకాగితం గారి గది సంగతి.

షేడ్ కార్డు వెనకాల చాలా కంపెనీలు ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె వేస్తాయి. గోడ మీద పడిన వెలుతురులో ఎంత తిరిగి గదిలోకి వస్తుందో చెప్పే అంకె అది. పూర్తి నలుపు 0, పూర్తి తెలుపు 100. మీ తెల్లగోడ 80కి పైన ఉండొచ్చు. ముదురు నెమలికంఠం 10 దగ్గర్లో ఉంటుంది, అంటే పదోవంతే తిరిగొస్తుంది. ఆవిడ భయం నిజమే. కాకపోతే నాలుగు గోడల్లో ఒకటే మారుస్తున్నారు, సీలింగ్ తెల్లగా ఉంటుంది. గది చీకటి కాదు, ఆ ఒక్క వైపు లోతుగా కనబడుతుంది.

ఏ గోడకి వేస్తున్నారన్నది మాత్రం ఆలోచించండి. కిటికీ ఉన్న గోడకి ముదురు రంగు వేస్తే దాని మధ్యలో కిటికీ మరీ తెల్లగా మండిపోయి కళ్ళకి గుచ్చుతుంది. మీది పక్కగోడ కాబట్టి ఆ ఇబ్బంది లేదు. మీకున్న ఇబ్బంది స్క్రీన్. చీకటి గోడ ముందు వెలిగే స్క్రీన్ పెట్టుకుంటే కళ్ళు తొందరగా అలిసిపోతాయి. మానిటర్ వెనక చిన్న దీపం పెట్టి దాని కాంతి గోడ మీదకి పడేలా చేయండి. కళ్ళకి సుఖం, పైగా ఆ రంగు అసలు అందం అప్పుడే బయటపడుతుంది.

బల్బు కూడా చూసుకోండి. 2700 కెల్విన్ బల్బు పసుపు వెలుతురు ఇస్తుంది, దానికింద నీలం మురికిగా కనబడుతుంది. 6500 మరీ తెల్లగా, నీలంగా ఉంటుంది. 4000 పెట్టి చూడండి.

అన్నిటికంటే ముఖ్యం, షేడ్ కార్డు మీది అగ్గిపెట్టంత ముక్క చూసి నిర్ణయించకండి. చిన్న డబ్బా కొని పెద్ద అట్టముక్కకి రెండుసార్లు వేసి, గోడకి ఆనించి రెండు రోజులు ఉంచండి. పొద్దున్నా మధ్యాహ్నమూ రాత్రీ చూడండి. నేరుగా గోడ మీద మాత్రం పూయొద్దు. చుట్టూ ఉన్న తెలుపు కళ్ళని మోసం చేస్తుంది.

పగటినిద్ర | జూన్ 8, ఉదయం 7:15

నీలం కుటుంబం ఏదైనా మంచిదే, మనసు చల్లబడుతుంది. ఎరుపు వేస్తే ఇంట్లో గొడవలు ఎక్కువవుతాయంటారు.

వెలుతురుపిట్ట | జూన్ 8, ఉదయం 9:48

పగటినిద్ర గారూ, ఇలా ఖాయంగా చెప్పడం కష్టం. 1979లో అమెరికాలో సియాటిల్‌లోని ఒక నౌకాదళ జైల్లో గదికి ఒక రకం గులాబీ రంగు వేసి, ఖైదీలు శాంతించారని చెప్పారు. బేకర్ మిల్లర్ పింక్ అని దానికి పేరు కూడా వచ్చింది. తర్వాత జాగ్రత్తగా చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం నిలబడలేదు. ఒక రంగు అందరి మీదా ఒకేలా పనిచేయదు. చిట్టిచేతులు గారి ఇల్లు ఇటుక ఎరుపుతో హాయిగానే ఉంది కదా.

రంగు కంటి మీద చేసే పని వేరు, దానికి గట్టి ఆధారం ఉంది. ఆపరేషన్ థియేటర్లు ఒకప్పుడు తెల్లగా ఉండేవి. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్ తన గదిని ఆకుకూర పచ్చకి మార్చుకున్నాడు. రక్తం ఎరుపుకి ఎదురు రంగు పచ్చ కాబట్టి, తలెత్తి చూసినప్పుడల్లా తెలుపు మిరుమిట్లు గొలపకుండా కళ్ళు సేదతీరతాయని.

రెండోకోటు | జూన్ 8, రాత్రి 8:30

ఇరవై రెండేళ్ళుగా పెయింటింగ్ పనే చేస్తున్నాను. మార్చి నుంచి చేతిలో పని లేదు. అడిగినవాళ్ళకి ఇలా చెప్పే వీలైనా దొరికింది.

తెల్లకాగితం అన్నా, గోడ మూడున్నర బై రెండు పాయింట్ ఏడు అనుకుంటే సుమారు తొమ్మిదిన్నర చదరపు మీటర్లు. ఒకసారి వేయడానికి లీటరు దాకా పడుతుంది. ముదురు రంగు రెండుసార్లతో ఆగదు. తెలుపు రంగుల్లో టైటానియం డయాక్సైడ్ అనే పొడి ఉంటుంది, కింద ఉన్నదాన్ని కప్పేది అదే. ముదురు షేడ్‌లకి వాడే బేస్‌లో అది ఉండదు, లేదా నామమాత్రంగా ఉంటుంది. అందుకే డబ్బాలో అంత చిక్కగా కనబడిన రంగు గోడ మీద పల్చగా జారుతుంది. ఎరుపు, పసుపు అయితే మరీ కష్టం. మూడుసార్లకి సరిపడా కొనుక్కో. అంతా ఒకే రోజు కలిపించుకో, తర్వాత కలిపించినది ఒక పిసరు తేడా వచ్చినా గోడ చెప్పేస్తుంది.

ప్రైమర్ తెల్లది కాకుండా బూడిదరంగు కలిపించుకుని వేయి. ఒక కోటు పని మిగులుతుంది.

గోడని బాగా తయారుచెయ్. పగులుని కాస్త వెడల్పు చేసి లప్పం పెట్టి, ఆరాక ఉప్పు కాగితం పట్టు. గదిలో లైట్లు తీసేసి టార్చిలైటు గోడకి ఆనించి పక్కనుంచి వేసి చూడు. ఎత్తుపల్లాలన్నీ నీడలుగా కనబడతాయి. లేత రంగు కింద దాగేవి ముదురు రంగు కింద దాగవు.

రంగు వేయడం మొదలుపెట్టాక గోడ అయ్యేదాకా ఆగొద్దు. తడి అంచు ఆరకముందే పక్క పట్టీ దాని మీదకి ఎక్కాలి. ఆరిన అంచు మీద వేస్తే అతుకు కనబడుతుంది. మూలల్లో అంటించిన టేపుని ఆఖరి కోటు పూర్తిగా ఆరకముందే నెమ్మదిగా లాగెయ్. ఆరిపోయాక లాగితే రంగు పొరతో సహా వస్తుంది.

పాతఇల్లు | జూన్ 8, రాత్రి 9:12

ఇల్లు పాతదైతే ఒక హెచ్చరిక. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండొచ్చు. 1921లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ తెల్ల సీసం వాడకాన్ని అదుపు చేస్తూ ఒడంబడిక చేసింది. అయినా సీసం రంగులు దశాబ్దాల పాటు తలుపులకీ కిటికీలకీ ఎక్కుతూనే ఉన్నాయి. పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల కడుపులోకి పోతుంది, మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. అనుమానం ఉంటే గీకకండి, ముందు పరీక్ష చేయించండి. అందరూ ఇంట్లోనే ఉంటున్న రోజులు కదా, పిల్లలని పంపడానికి ఇంకో చోటు కూడా లేదు. కొత్తగా కొనేటప్పుడు డబ్బా మీద సీసం 90 పీపీఎంకి లోపు అని ఉందో లేదో చూసుకోండి.

తెల్లకాగితం | జూన్ 14, సాయంత్రం 5:50

అట్టముక్కలు పెట్టి చూశాను. మూడు షేడ్‌లు. నేను మొదట మనసుపడ్డది రాత్రి దీపం కింద దాదాపు నల్లగా కనబడింది. రెండోది మధ్యాహ్నానికి ఆసుపత్రి కర్టెన్‌లా తోచింది. మూడోది, పచ్చ వైపు కొంచెం మొగ్గేది, మూడు పూటలా నిలబడింది. కొన్నదీ అదే. ఇల్లు ఆరేళ్ళ కిందట కట్టింది, గోడకి ఎప్పుడూ ఎమల్షనే. చెక్క, కిటికీ జోలికి వెళ్ళడం లేదు.

అమ్మ అట్టముక్క దగ్గర చాలాసేపు నిలబడింది. ఏమీ అనలేదు.

తెల్లకాగితం | జూన్ 21, రాత్రి 11:20

పాడుచేశాను. ప్రైమరూ మొదటి కోటూ బాగానే వచ్చాయి. ఈరోజు రెండో కోటు. వాసనకి అమ్మకి ఇబ్బంది అవుతుందని కిటికీ బార్లా తెరిచి ఫ్యాను ఫుల్లు పెట్టాను. సగం గోడ అయ్యేసరికి ఆఫీసు నుంచి ఫోను. ఎత్తాను. నలభై నిమిషాలు. తిరిగొచ్చి మిగతా సగం వేశాను. ఇప్పుడు గోడ నడుమ పైనుంచి కింద దాకా చెయ్యి వెడల్పున ఒక పట్టీ, చుట్టూ ఉన్నదానికంటే ముదురుగా, మెరుస్తూ. చిన్న బ్రష్షుతో దాని మీద టచప్ చేశాను. ఇంకా అధ్వాన్నమైంది. చాలా బాధగా ఉంది.

రెండోకోటు | జూన్ 21, రాత్రి 11:34

దిగులుపడకు అన్నా, గోడ ఎక్కడికీ పోలేదు. ఇక టచప్ ముట్టుకోవద్దు. ముదురు రంగులో ముక్కకి ముక్క వేస్తే అతుకుల బొంతే అవుతుంది. రేపంతా ఆరనీ. ఎల్లుండి ఆ పట్టీ అంచుల మీద సన్న ఉప్పు కాగితం తేలిగ్గా పట్టి, దుమ్ము తుడిచి, ఈ మూల నుంచి ఆ మూల దాకా మొత్తం గోడకి మూడో కోటు వెయ్. వేస్తున్నంతసేపూ ఫ్యాను ఆపు, కిటికీ ఓరగా వెయ్. అయిపోయాక అన్నీ తెరుచుకో. గాలి ఆడాల్సింది అప్పుడు. ఆ గంటన్నర ఫోను ఇంట్లో వాళ్ళకి ఇచ్చెయ్.

తెల్లకాగితం | జూన్ 28, మధ్యాహ్నం 12:05

అతుకు పోయింది! రెండోకోటు అన్నా, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. మానిటర్ వెనక దీపం పెట్టాను. దాని చుట్టూ రంగు లోపలినుంచి వెలుగుతున్నట్టుంది, అంచులకి పోయేకొద్దీ చిక్కబడుతోంది.

ఒక వింత. పక్కగోడ ముట్టుకోలేదు, పాత తెలుపే. కానీ ఇప్పుడది లేత గులాబీ రంగులో కనబడుతోంది. మా ఆవిడకీ అలాగే ఉందట. రంగేమైనా చిందిందా?

వెలుతురుపిట్ట | జూన్ 28, మధ్యాహ్నం 1:22

ఏమీ చిందలేదు. పారిస్‌లో గోబెలిన్స్ అనే పేరున్న నేతశాలకి రంగుల విభాగం చూసే షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. నల్లదారం సరిగ్గా నల్లగా లేదని నేతగాళ్ళు ఫిర్యాదు చేశారు. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపమే లేదు. నలుపు పక్కన నేసిన రంగులు దాన్ని మార్చి చూపిస్తున్నాయి. 1839లో ఈ సంగతంతా వివరంగా అచ్చువేశాడు. ఒక రంగు తన పక్కనున్నదాన్ని తనకి ఎదురు రంగు వైపు నెడుతుంది. నీలిపచ్చకి ఎదురుగా ఉండేది ఎరుపు. అందుకే మీ తెలుపు ఇప్పుడు గులాబీ బారింది.

చిట్టిచేతులు | జూన్ 28, సాయంత్రం 6:10

అమ్మగారు ఏమన్నారు?

తెల్లకాగితం | జూన్ 28, రాత్రి 9:44

పొద్దున తన కుర్చీ తెచ్చి నా గదిలో వేసుకుంది. నాకు మీటింగ్ ఉన్నంతసేపూ చప్పుడు చేయకుండా ఆ గోడ వైపు తిరిగి కూర్చుంది.

నిదానం | 2020 సెప్టెంబర్ 19, ఉదయం 6:30

పాత చర్చని పైకి తెస్తున్నందుకు క్షమించండి. జూన్‌లో ఇక్కడ నేను కటువుగా రాశాను. నా సహోద్యోగి తండ్రి ఆ వారమే పోయారు.

ఇప్పుడు అడగాల్సింది వేరే ఉంది. ఆగస్టులో మా అమ్మ పడిపోయి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఇంటికి తెచ్చాం. ఈ రోగం భయానికి చూడటానికి ఎవర్నీ రమ్మనడం లేదు. ఎక్కువసేపు వెల్లకిలా పడుకునే ఉంటుంది. ట్యూబులైటు సరిగ్గా ఆవిడ మొహం మీద ఉంది. నిన్న సాయంత్రం "అది తీసెయ్‌రా, కళ్ళు మూసుకున్నా కనబడుతోంది" అంది. ఏడోగది గారు రాసిన ఆ సీలింగ్ సంగతి గుర్తొచ్చింది. ఆవిడ గదిలోనే ఉండగా ఆకుపచ్చ వేయడం కుదురుతుందా?

ఏడోగది | సెప్టెంబర్ 19, ఉదయం 7:02

ముందు ఈరోజే ఆ ట్యూబులైటు ఆపేసి, మంచం తలవైపు నేల మీద గోడకేసి తిప్పి ఒక దీపం పెట్టండి. రంగు తర్వాత. వేసేటప్పుడు ఆవిడని పక్కగదిలోకి మార్చండి, వాసన పూర్తిగా పోయాకే తిరిగి తీసుకురండి. రెండు మూడు రోజులు పట్టొచ్చు.

రెండోకోటు | సెప్టెంబర్ 19, ఉదయం 7:25

పూర్తి మ్యాట్ తీసుకోండి సార్. సీలింగ్‌కి మెరుపుంటే దీపం అందులో ప్రతిబింబిస్తుంది, ఆవిడకి మళ్ళీ అదే బాధ. నీళ్ళతో కలిపే ఎమల్షన్, వాసన తక్కువ ఉండే రకం అడగండి. పొడుగు కర్రకి రోలర్ బిగించుకుంటే నిచ్చెన ఎక్కే పని ఉండదు. గది కొలతలు రాయండి, ఎంత పడుతుందో లెక్క చెప్తాను.

తెల్లకాగితం | సెప్టెంబర్ 19, ఉదయం 8:10

నిదానం గారూ, అట్టముక్కని గోడకి కాదు, సీలింగ్‌కి టేపుతో అంటించండి. షేడ్ అమ్మగారినే ఎంచుకోమనండి, పడుకునే చూస్తూ.